రద్దు కాబోయే దేశం చేసిన చట్టం: తూర్పు జర్మనీ చివరి ప్రభుత్వాల్లో శాస్త్రవేత్తలు

1990 సెప్టెంబరు 12. తూర్పు జర్మనీ ప్రధాని లోథార్ డి మెజియేర్ ఆ రోజు మాస్కోలో ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన నాలుగు దేశాలు, రెండు జర్మనీలు కలిసి ఏకీకరణకు దారి తెరిచే ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నాయి. ప్రపంచ పత్రికల కళ్లన్నీ అక్కడే ఉన్నాయి. అదే రోజు తూర్పు బెర్లిన్‌లో ఆయన మంత్రివర్గం సమావేశమై 14 ఉత్తర్వులను ఆమోదించింది. అయిదు జాతీయ ఉద్యానాలు, ఆరు బయోస్ఫియర్ రిజర్వులు, మూడు ప్రకృతి ఉద్యానాలు ఏర్పడ్డాయి. అవన్నీ కలిపితే దేశ విస్తీర్ణంలో 4.5 శాతం, అంటే దాదాపు 4,900 చదరపు కిలోమీటర్లు. అంతకుముందు ఆ దేశంలో జాతీయ ఉద్యానం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉత్తర్వులు అక్టోబరు 1న అమల్లోకి వచ్చాయి. అక్టోబరు 3న దేశమే రద్దయింది.

చేసిన దేశం రెండు రోజుల్లో మాయమైపోయినా ఆ ఉత్తర్వులు గీసిన హద్దులు మూడున్నర దశాబ్దాలుగా నిలిచే ఉన్నాయి. దీనికి ప్రధాన కర్త మిఖాయేల్ జుకో అనే వృక్షశాస్త్రవేత్త. ఆయన పర్యావరణ శాఖ ఉపమంత్రిగా ఉన్నది 1990 జనవరి మధ్య నుంచి మే మధ్య దాకా, నాలుగు నెలలు. ఉత్తర్వులు ఆమోదం పొందిన నాటికి ఆయన పదవిలోనే లేరు.

శాస్త్రవేత్తలు రాజకీయాల్లోకి రావాలని మన దగ్గర తరచూ వినిపిస్తుంటుంది. నిజాయతీ ఉంటుంది, నిజం మాట్లాడతారు అని కారణం చెబుతారు. తూర్పు జర్మనీ అనుభవం చూస్తే ఆ రెండూ చాలవని నాకు అనిపిస్తుంది. అక్కడ నిజం మాట్లాడిన శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. వారందరిలో జుకో పని ఎందుకు నిలిచిందో తెలియాలంటే ముందు ఆ పదకొండు నెలల రాజకీయాన్ని కాస్త విడదీసి చూడాలి.

ఒకటి కాదు, రెండు ప్రభుత్వాలు

బెర్లిన్ గోడ 1989 నవంబరు 9న తెరుచుకుంది. నాలుగు రోజులకు హాన్స్ మోద్రో ప్రధాని అయ్యారు. ఆయన పాత పాలక పార్టీ మనిషే, జనం ఓటేసి ఎన్నుకున్నవారు కాదు. చేతిలో అధికారం ఉంది గానీ దాన్ని నమ్మేవాళ్లు లేరు. అందుకే డిసెంబరు 7 నుంచి పాత పార్టీలు, కొత్త ఉద్యమ సంఘాలు చర్చి పెద్దల మధ్యవర్తిత్వంలో ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టాయి. దాన్ని రౌండ్ టేబుల్ అన్నారు. అది పార్లమెంటు కాదు, ప్రభుత్వమూ కాదు. కానీ దానికి నచ్చని పని చేసే ధైర్యం ప్రభుత్వానికి లేకుండా పోయింది.

1990 ఫిబ్రవరి 5న మోద్రో ఉద్యమ సంఘాల నుంచి ఎనిమిది మందిని శాఖ లేని మంత్రులుగా తీసుకున్నారు. వారిలో సెబాస్టియన్ ఫ్లూగ్‌బైల్ భౌతిక శాస్త్రవేత్త. గేర్డ్ పొప్పె కూడా భౌతిక శాస్త్రమే చదివారు. ప్రభుత్వాన్ని విమర్శించినందుకు పరిశోధన ఉద్యోగం దక్కక, ఈత కొలనులో యంత్రాలు చూసుకునే పని చేశారు. వాల్టర్ రోంబెర్గ్ గణిత శాస్త్రవేత్త. మథియాస్ ప్లాట్సెక్ ఇంజినీరు, పర్యావరణ ఆరోగ్య రంగంలో పనిచేసినవారు. ఎనిమిది మందిలో సగం మంది ఈ బాపతే.

మార్చి 18న ఎన్నికలు జరిగాయి. ఆ దేశ చరిత్రలో మొదటి స్వేచ్ఛాయుత ఎన్నికలు అవే, చివరివీ అవే. నూటికి తొంభై మూడు మంది ఓటేశారు. త్వరగా ఏకీకరణ కావాలన్న కూటమి గెలిచింది. గోడ కూలడానికి ముందు వీధుల్లోకి వచ్చిన ఉద్యమకారుల కూటమికి 2.9 శాతమే దక్కింది. ఏప్రిల్ 12న డి మెజియేర్ ప్రధాని అయ్యారు. ఆయన ప్రభుత్వానికి ఉప అధికార ప్రతినిధిగా వచ్చిన 35 ఏళ్ల మహిళ కూడా భౌతిక శాస్త్రవేత్తే. ఆమే ఏంజెలా మెర్కెల్.

కాబట్టి మోద్రోది ప్రజల తీర్పు లేని ప్రభుత్వం. డి మెజియేర్‌ది తీర్పు ఉన్నా, తనను తాను రద్దు చేసుకోవడానికే ఏర్పడిన ప్రభుత్వం. జాతీయ ఉద్యానాల పని మొదటి దానిలో మొదలై రెండో దానిలో ముగిసింది. ఈ తేడా గుర్తుంచుకోకపోతే తరవాతి కథ సగమే అర్థమవుతుంది.

ఇంతమంది శాస్త్రవేత్తలు ఎక్కడి నుంచి వచ్చారు

ఆ దేశంలో న్యాయం, చరిత్ర, జర్నలిజం చదవాలంటే పార్టీ భావజాలానికి తల ఊపక తప్పదు. తల ఊపడం ఇష్టంలేని చురుకైన పిల్లలకు మిగిలిన దారులు మూడు: చర్చి, వైద్యం, ప్రకృతి శాస్త్రాలు. ఏ పాలకుడూ గురుత్వాకర్షణను రద్దు చేయలేడన్న నమ్మకంతోనే భౌతిక శాస్త్రం ఎంచుకున్నానని మెర్కెల్ 2020లో జర్మన్ పార్లమెంటులో చెప్పారు. పాత పాలన కూలినప్పుడు పాలనలో భాగం కాని చదువరులు ఎవరున్నారా అని వెతికితే పాస్టర్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలే కనబడ్డారు.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది. 1982లో మంత్రివర్గం పర్యావరణ సమాచారాన్ని రహస్యాల జాబితాలో చేర్చింది. ఏడాదికి 30 కోట్ల టన్నులకు పైగా లిగ్నైట్ అనే నాసి బొగ్గు తవ్వి కాల్చే దేశం అది. గాలిలో గంధకం ఎంతో, నదిలో విషం ఎంతో పౌరుడికి చెప్పడం నేరమైంది. ఆ లెక్కలు తెలిసిన కొద్దిమంది పరిశోధకులు తమకు తెలియకుండానే రాజకీయ ప్రాముఖ్యం ఉన్న మనుషులయ్యారు. నీటి నమూనా తీసేవాడి నోటుపుస్తకమే ప్రతిపక్ష పత్రం అయింది.

ఫ్లూగ్‌బైల్ కథ దీనికి సూటిగా సరిపోయే ఉదాహరణ. ఆయన బెర్లిన్‌లో గుండె, రక్తనాళాల పరిశోధన సంస్థలో పనిచేసేవారు. మంత్రి పదవి రాగానే చేసిన పని అణు విద్యుత్ కేంద్రాల భద్రతా పత్రాలు తెప్పించుకోవడం. గ్రైఫ్స్‌వాల్డ్ నగరం దగ్గర, బాల్టిక్ తీరంలోని లుబ్మిన్‌లో సోవియట్ నమూనా రియాక్టర్లు నాలుగు నడుస్తున్నాయి, అయిదోది పరీక్షల దశలో ఉంది. నడుస్తున్న నాలుగూ పాత రకం. ప్రమాదం జరిగితే లోపలి రేడియోధార్మికత బయటకు పొక్కకుండా ఆపే గట్టి కాంక్రీటు కవచం వాటికి లేదు. 1975 డిసెంబరు 7న అక్కడ ఒక ఎలక్ట్రీషియన్ శిక్షణలో ఉన్న కుర్రాడికి వైర్ల పని చూపిస్తుండగా షార్ట్ సర్క్యూట్ అయింది. మంట కేబుళ్ల వెంట పాకి, మొదటి రియాక్టరును చల్లబరిచే పంపుల్లో ఎక్కువ భాగానికి కరెంటు పోయింది. ఆ సంగతి పద్నాలుగేళ్ల పాటు జనానికి తెలియనివ్వలేదు.

ఆ పత్రాలు బయటికి రావడం, నిపుణుల తనిఖీలు, ఏకీకరణ ఒత్తిడి అన్నీ కలిసి 1990లోనే ఆ కేంద్రాన్ని మూయించాయి. అయితే ఫ్లూగ్‌బైల్ మంత్రిగా ఉన్నది రెండు నెలలే. ఆయన చేతిలో శాఖ లేదు, సంతకం పెట్టే అధికారం లేదు. తలుపు తెరిచి లోపల ఏముందో చూపగలిగారు. ఇలాంటి సంధికాలంలో శాస్త్రవేత్త చేయగల మొదటి పని ఇదేననీ, దీన్ని చిన్నచూపు చూడకూడదనీ నేను అనుకుంటాను. తెరిచిన తలుపును మళ్లీ మూయడం తరవాతి ప్రభుత్వానికి కష్టం.

పీట్ నేలల మనిషి

జుకో 1941లో బ్రాండెన్‌బర్గ్ పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో జీవశాస్త్రం చదివి అక్కడే సహాయకుడిగా చేరారు. ఎంచుకున్న రంగం పీట్ నేలలు. వేల ఏళ్లుగా నీటిలో నానుతూ, కుళ్లిపోకుండా పేరుకున్న మొక్కల అవశేషాలే పీట్. ఉత్తర జర్మనీ లోయల్లో ఇవి విస్తారం. తడిగా ఉన్నంతకాలం ఆ నేల నీళ్లు తాగిన స్పాంజీలా ఉంటుంది, కార్బన్‌ను లోపలే పట్టి ఉంచుతుంది. కాలువ తవ్వి నీరు తోడేస్తే గాలి చొరబడుతుంది. పీట్ కుళ్లి, కుంగి, పై పొర నల్లటి పొడిగా రాలి గాలికి లేస్తుంది. అందులోని కార్బన్ ఆకాశంలోకి పోతుంది.

1968లో సోవియట్ నాయకత్వంలోని వార్సా కూటమి సేనలు చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోకి చొరబడినప్పుడు దాన్ని సమర్థిస్తూ సంతకం పెట్టమని విశ్వవిద్యాలయ సిబ్బందిని అడిగారు. జుకో పెట్టలేదు. మరుసటి ఏడాదికల్లా ఆ ఉద్యోగం పోయింది. ఆయన్ని పంపింది ఎక్కడికో తెలుసా? పొలాల కోసం చిత్తడి నేలలను ఎండగట్టే ప్రభుత్వ సంస్థకే, నేలల సర్వేకు. తను ప్రేమించే నేలలను ఎండగట్టడానికి ముందు వాటిలో ఏముందో లెక్క రాసే పని. ఆ ఏళ్లు ఆయనకు ఎంత చేదుగా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. కానీ దేశంలో ఏ లోయలో ఎంత పీట్ ఉందో, ఎక్కడ కాలువ తవ్వారో, ఎక్కడ ఇంకా చెయ్యి పడలేదో ఆయన అడుగడుగూ నడిచి తెలుసుకున్నది అప్పుడే. తరవాత మంగోలియాలో పనిచేశారు, వ్యవసాయ శాస్త్రాల అకాడమీలో చేరారు, 1987లో ప్రొఫెసర్ అయ్యారు.

ఆయన ఒక్కరే కాదు. హాన్స్ డీటర్ క్నాప్, లెబ్రెఖ్ట్ యెష్కె లాంటి వృక్షశాస్త్రవేత్తలు, ఆదివారాలు దుర్భిణీ పట్టుకుని కొంగలు లెక్కపెట్టే స్వచ్ఛంద ప్రకృతి ప్రేమికులు దేశమంతటా ఉండేవారు. ఏ అడవిని కాపాడాలో వారి దగ్గర ఏళ్ల తరబడి పట్టికలున్నాయి. అడిగే నాథుడే లేడు. జనవరిలో జుకో ఉపమంత్రి కాగానే క్నాప్, యెష్కె తదితరులను మంత్రిత్వ శాఖకు పిలిపించారు. నాలుగు నెలలు చాలడానికి అసలు రహస్యం ఇదే. పదవి వచ్చాక సర్వే మొదలుపెట్టి ఉంటే ఆ దేశం ఆయుష్షు సరిపోయేది కాదు.

నేల ఎవరిది, హక్కు ఎవరిది

ఆ 14 చోట్లలో చాలావాటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది. పాత పాలకులు జనాన్ని వాటిలోకి రానివ్వలేదు. బెర్లిన్‌కు ఉత్తరాన షోర్ఫ్‌హైడె అడవి 1989 దాకా దేశాన్ని ఏలిన పార్టీ అధినేత ఎరిక్ హోనెకర్ వేట మైదానం. మ్యూరిట్స్ సరస్సు తూర్పు ఒడ్డు ప్రధానిగా పనిచేసిన విల్లీ ష్టోఫ్ వేటకు కేటాయింపు. బాల్టిక్ సముద్రంలో ర్యూగెన్ దీవి పక్కన ఫిల్మ్ అనే చిన్న దీవి మంత్రుల విడిది. హార్జ్ కొండల్లో బ్రోకెన్ శిఖరం సరిహద్దు సైనిక ప్రాంతం. రెండు జర్మనీల మధ్య దాదాపు 1,400 కిలోమీటర్ల సరిహద్దు పట్టీలో ముళ్లకంచెల మధ్య అరుదైన పక్షులు గూళ్లు పెట్టుకున్నాయి. నిరంకుశత్వం అడవిని కాపాడిందని దీన్నిబట్టి అనేస్తే అది అన్యాయం. అదే పాలన మిగతా చోట్ల నదులను నురగ కక్కించింది. తమ వేట కోసం కంచె వేసుకున్న చోట్ల మాత్రం చెట్టు మిగిలింది, అంతే.

కంచె తీసేశాక ఏం జరగాలన్నదే 1990 వసంతంలో అసలు ప్రశ్న. మ్యూరిట్స్ చుట్టుపక్కల జనం వేట మైదానం తెరవాలని, అక్కడ జాతీయ ఉద్యానం పెట్టాలని ముందే అడుగుతున్నారు. మరోవైపు ప్రభుత్వ ఆస్తులను చూసుకునే సంస్థ మార్చిలోనే ఏర్పడింది. వేసవికల్లా వాటిని అమ్మడం దాని ప్రధాన పని అయింది. బాల్టిక్ తీరం చూసి హోటళ్ల కలలు కనేవాళ్లకు కొదవ లేదు.

మార్చి 16న, ఎన్నికలకు రెండు రోజుల ముందు, మోద్రో మంత్రివర్గం 23 ప్రాంతాలను తాత్కాలిక రక్షణ కింద ఉంచింది. తుది నిర్ణయం జరిగేదాకా అక్కడ ఎవరూ కొత్తగా ఏమీ కట్టకూడదు, మార్చకూడదు. ఎన్నిక కాని ప్రభుత్వం ఓటింగుకు రెండు రోజుల ముందు ఇంత పెద్ద నిర్ణయం తీసుకోవచ్చా? ఈ అభ్యంతరం బలమైనదే. అయితే ఆ నిర్ణయం స్వభావం ఏమిటో చూడాలి. అది ఎవరికీ ఏదీ శాశ్వతంగా ఇవ్వలేదు. వచ్చే ప్రభుత్వం కాదనుకుంటే ఒక్క సంతకంతో ఎత్తేయొచ్చు. అదే రోజుల్లో ఆ భూములు అమ్మి ఉంటే వెనక్కి తెచ్చే దారి ఉండేది కాదు. తీర్పు లేని ప్రభుత్వం నైతికంగా చేయదగిన పనికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనబడదు: తరవాత వచ్చేవాళ్ల చేతులు కట్టేయకుండా, వాళ్లు ఎంచుకోవడానికి ఏదో ఒకటి మిగిల్చి ఉంచడం.

మేలో జుకో తప్పుకున్నారు. పని ఆయన తెచ్చిన బృందం చేతిలో, పశ్చిమ జర్మనీ పర్యావరణ శాఖ పంపిన న్యాయ నిపుణుల సాయంతో సాగింది. ఇక్కడే మామూలుగా ఎవరూ పట్టించుకోని చట్టం ముడులు వచ్చాయి. తూర్పు జర్మనీ 1970 నాటి చట్టంలో జాతీయ ఉద్యానం అనే వర్గమే లేదు. 1990 జులై 1 నుంచి పశ్చిమ జర్మనీ ప్రకృతి రక్షణ చట్టం తూర్పుకూ వర్తించేలా కొత్త చట్టం చేశాకే ఆ ఆధారం దొరికింది. ఆ చట్టం ప్రకారం సమాఖ్యలో ఇలాంటి ప్రాంతాలను ప్రకటించేది రాష్ట్రాలు. తూర్పున రాష్ట్రాలు 1952లోనే రద్దయ్యాయి, మళ్లీ పుట్టబోయేది అక్టోబరులో. అంటే జులైకి ముందు చట్టం లేదు, అక్టోబరు తరవాత కేంద్రానికి అధికారం లేదు. నడుమ దొరికింది మూడు నెలల సందు.

ఇంకో చిక్కు. ఏకీకరణ ఒప్పందం మీద ఆగస్టు 31నే సంతకాలు అయిపోయాయి. తూర్పు చట్టాల్లో ఏవి నిలుస్తాయో, ఏవి పోతాయో అందులోని జాబితాలు తేల్చాయి. సెప్టెంబరు 12 నాటి ఉత్తర్వులు ఆ జాబితాల్లో ఎలా ఉంటాయి? సెప్టెంబరు 18న రెండు దేశాలూ చేసుకున్న అనుబంధ ఒప్పందంలో వీటిని చేర్చారు. ఆ ఒక్క చేర్పు లేకపోతే మంత్రివర్గం ఆమోదించిన 14 ఉత్తర్వులూ అక్టోబరు 3న చిత్తు కాగితాలయ్యేవి. పశ్చిమ జర్మనీ పర్యావరణ మంత్రి క్లౌస్ టోప్ఫర్ తరవాత వీటిని ఏకీకరణకు దక్కిన వెండి సామాను అని మెచ్చుకున్నారు. ఆ వెండిని భద్రపరిచింది మాత్రం అనుబంధంలో అంశాల వరస రాసిన గుమాస్తాలు, న్యాయవాదులు.

మార్చిలో 23 ఉన్నవి సెప్టెంబరుకు 14 అయ్యాయి. జాతీయ ఉద్యానాలు, బయోస్ఫియర్ రిజర్వులు అన్నీ నిలిచాయి. పన్నెండు ప్రకృతి ఉద్యానాల్లో మూడింటికే హద్దులు, నిబంధనలు గడువులోగా పూర్తయ్యాయి. మిగతావాటి భారం కొత్త రాష్ట్రాల మీద పడింది.

ఎవరిని అడిగి చేశారు

ఊళ్లలో వచ్చిన ప్రశ్న ఇదే, దానికి సులువైన జవాబు లేదు. నలభై ఏళ్లు ఫలానా అడవిలోకి రావద్దన్నారు. స్వేచ్ఛ వచ్చిందని సంబరపడేలోగా ఇంకో బోర్డు పెట్టి అదే మాట చెబితే రైతుకు, జాలరికి ఎలా ఉంటుంది? కొండరాళ్లు ఎక్కడం తరతరాల అలవాటుగా ఉన్న సాక్సనీ ఇసుకరాతి కొండల ప్రాంతంలోనూ ఇలాంటి నిబంధనల గొడవలు వచ్చాయి. ఈ కోపాన్ని అజ్ఞానం అని తోసిపారేసే రాతలు చదివినప్పుడు నాకు బాధేస్తుంది. వాళ్లను సరిగా అడగలేదన్నది నిజం. అడిగే వ్యవధి లేదన్నదీ నిజమే.

జుకో బృందం దీన్ని కొంత ముందే ఊహించింది. అందుకే అన్నిచోట్లా ఒకే రకం రక్షణ పెట్టలేదు. ఆరుచోట్ల బయోస్ఫియర్ రిజర్వు అనే వర్గాన్ని ఎంచుకున్నారు. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు కాబట్టి ఈ వర్గం తెలుగువారికి కొత్తదేమీ కాదు. నడుమ ముట్టుకోకూడని భాగం, చుట్టూ పరిమితంగా వాడుకునే భాగం, ఆ బయట ఊళ్లు, పొలాలు. ష్ప్రేవాల్డ్ అలాంటిదే. వందల కాలువల మధ్య రైతులు పడవల్లో పొలాలకు వెళ్లే చోటు, ఊరగాయ దోసకాయలకు పేరుపడ్డ చోటు. అక్కడ మనుషులను తీసేస్తే కాపాడడానికి ఏమీ మిగలదు.

తీరిగ్గా, ఎన్నికైన ప్రభుత్వం చేస్తే ఇంతకన్నా గట్టిగా నిలిచేదా అంటే అదీ చెప్పలేం. పశ్చిమాన లోయర్ సాక్సనీ రాష్ట్రం 1998లో ఎల్బె నది వెంట జాతీయ ఉద్యానం ప్రకటించింది. మనుషులు ఇంతకాలం సాగుచేసిన నేల ఆ వర్గానికి సరిపోదని కోర్టు మరుసటి ఏడాదే కొట్టేసింది.

మిగతా శాస్త్రవేత్తలకు ఏమైందో కూడా చెప్పాలి. రోంబెర్గ్ డి మెజియేర్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. ఏకీకరణ తరవాత తూర్పు రాష్ట్రాలకు ఎంత డబ్బు కావాలో ఆయన వేసిన లెక్క ఒప్పందంలో రాసుకుంటున్న దానికి చాలా ఎక్కువ. ఆ లెక్క మార్చుకోలేదు. ఆగస్టులో ప్రధాని ఆయన్ని తొలగించారు, ఆ తగువులో ఆయన పార్టీయే కూటమి నుంచి బయటికొచ్చింది. తరవాతి ఏళ్లలో తూర్పుకు ప్రవహించిన డబ్బు చూస్తే గణితం ఆయన పక్షానే ఉందని ఒప్పుకోవాలి. కానీ తన లెక్కను ఒప్పందంలోకి చేర్చే మార్గం ఆయనకు దొరకలేదు. అంకె సరైనదైతే అందరూ ఒప్పుకుంటారన్నది పరిశోధనశాలలో చెల్లే నమ్మకం, బేరాల గదిలో చెల్లదు. జుకో తన పటాలకు చట్టం, గెజిటు, అనుబంధం అనే చక్రాలు బిగించగల మనుషులను ముందే చుట్టూ చేర్చుకున్నారు. ఇద్దరి మధ్య నాకు కనబడే తేడా అదే.

జుకో 1992లో తనను వెళ్లగొట్టిన గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయానికే ప్రొఫెసర్‌గా తిరిగొచ్చారు. 1997లో రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. ఆ డబ్బుతో తన పేరిట ఫౌండేషన్ పెట్టి పాత సోవియట్ దేశాల్లో రక్షిత ప్రాంతాల పనికి పూనుకున్నారు. మంత్రుల విడిదిగా ఉన్న ఫిల్మ్ దీవి అంతర్జాతీయ ప్రకృతి రక్షణ అకాడమీ అయింది, దాన్ని చాలాకాలం నడిపింది క్నాప్. ర్యూగెన్ దీవిలోని యాస్‌ముండ్, మ్యూరిట్స్, షోర్ఫ్‌హైడెల్లోని బీచ్ అనే చెట్ల అడవుల భాగాలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జుకో మొదట్నుంచీ ప్రేమించిన పీట్ నేలల పని మాత్రం ఉత్తర్వులతో తీరలేదు. హద్దు గీస్తే హోటలు రాకుండా ఆగుతుంది గానీ, 1970ల్లో తవ్విన కాలువలోంచి నీరు పోవడం ఆగదు. జర్మనీ పీట్ నేలల్లో ఈనాటికీ తొంభై శాతానికి పైగా ఎండగట్టినవే. దేశం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు ఏడు శాతం వాటినుంచే వస్తోంది. వాటిని తిరిగి తడపాలంటే కాలువలు పూడ్చాలి, అక్కడ సాగుచేసే రైతుకు తడి నేలలో పెరిగే రెల్లు లాంటి పంటకు మార్కెట్ చూపాలి, పరిహారం ఇవ్వాలి, ఊరి సభలో కూర్చుని ఒప్పించాలి. గ్రైఫ్స్‌వాల్డ్‌లో జుకో శిష్యులు ఇప్పుడు చేస్తున్నది ఆ పనే. దీనికి ఏ సంధికాలపు దగ్గరి దారీ లేదు, 1990లో అడగకుండా వదిలేసిన ఆ రైతులను ఈసారి ముందుగా అడగాల్సిందే.